మంచినీళ్ల చెరువులో వెదురు కర్రలు

పిల్లలిద్దరినీ బడికి తీసుకెళ్తూ చెరువు గట్టు ఎక్కాను. అమ్మాయి ముందు నడుస్తోంది. అబ్బాయి నా వేలు పట్టుకుని, చెప్పులో దూరిన రాయి గురించి చెబుతున్నాడు. వాడి మాట వింటూ నీళ్లవైపు చూశాను. గట్టుకు కాస్త దూరంలో, నీళ్లలో వెదురు కర్రలు వరసగా పాతి ఉన్నాయి. నిన్న లేవు. ఒక్కో కర్రకు ఒక్కో ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది, సగం పైకీ సగం నీళ్లలోకీ. సంచుల చుట్టూ నీళ్లు సన్నగా కదులుతున్నాయి.

మా వైపు వాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. పెదపాడు నుంచి కొల్లేటికోట దాకా ఏ చేపల చెరువు చూసినా ఇవే కర్రలు, ఇవే సంచులు. సంచికి చిల్లులు పెట్టి, తవుడు నింపి వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. కానీ ఇది చేపల చెరువు కాదు. మా ఊరి మంచినీళ్ల చెరువు. కాలువ నుంచి దీన్ని నింపుకుంటాం. ఇసుక ఫిల్టర్లలోంచి నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు నుంచి కుళాయిల్లోకి వస్తాయి. వేసవిలో కాలువ కట్టేస్తే రెండు నెలలు ఊరంతటికీ ఇదే నీరు. బళ్లో మధ్యాహ్నం అన్నం వండేదీ దీనితోనే.

"అమ్మా, మన చెరువులో కూడా చేపలు పెంచుతున్నారా?" అంది అమ్మాయి.

దాన్ని ముందు చూసి నడవమన్నాను. ఈ చెరువులో ఎవరు ఏం చేయాలన్నా నా సంతకం కావాలి. ఈ ఊరి పంచాయతీ ప్రెసిడెంటుని నేనే.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. మా నాన్నది ఉల్లిపాయల వ్యాపారం. డిగ్రీ ఏలూరులో, హాస్టల్లో ఉండి చదివాను. పెళ్లయి ఈ ఊరొచ్చాక మా ఆయన కిరాణా కొట్లో కూర్చుని బిల్లులు రాయడం తప్ప నేనేమీ చేయలేదు. మూడేళ్ల కిందట సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. ఊళ్లో రెండు వర్గాలు. ఎవరి మనిషిని పెట్టినా రెండోవారికి పడదు. ఒకరోజు ఊరి పెద్దాయన ఒకరు మా కొట్టుకొచ్చి, పంచదార తూచమని చెప్పి, తూస్తుండగా అన్నారు: "అమ్మాయ్, నిన్ను ప్రెసిడెంటుని చేద్దామనుకుంటున్నాం. చదువుకున్నదానివి. కొట్టువాళ్ల కోడలు, ఎవరికీ అడ్డు రావు."

ఎవరికీ అడ్డు రావు అన్న మాటను అప్పుడు మెచ్చుకోలు అనుకున్నాను.

ఆయన్ని నేను బాబాయిగారు అంటాను. రక్త సంబంధం ఏమీ లేదు. ప్రచారమంతా ఆయనే నడిపించారు. అవతలివాళ్లు ఒకావిడను నిలబెట్టినా గెలిచాను. గెలిచిన రోజున నా మెడలో పడిన దండల బరువుకు మెడనొప్పి వచ్చి రెండు రోజులు మందు రాసుకున్నాను. ఆ తరువాత మా ఇంటి వరండాలో కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా లేవు. పొద్దున్న ఆరింటికే ఎవరో ఒకరు. టీ పెట్టడం, గ్లాసులు కడగడం, మళ్లీ పెట్టడం. నా పుట్టినరోజుకు పంచాయతీ ఆఫీసు ముందు ఫ్లెక్సీ కట్టారు. నా బొమ్మ మధ్యలో పెద్దగా, చుట్టూ పద్నాలుగు మొహాలు చిన్నచిన్నవి. మా అబ్బాయి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఒక్కొక్కరినీ వేలితో చూపించి, "వీళ్లందరూ నీ ఫ్రెండ్సా అమ్మా?" అన్నాడు. అవునన్నాను.

నా అసలు స్నేహితురాలు ఆ పద్నాలుగు మందిలో లేదు. హాస్టల్లో మూడేళ్లు నా పక్క మంచం తనది. ఇప్పుడు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఏలూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్లది కొల్లేటికోట వెళ్లే దారిలో ఒక ఊరు. వాళ్ల నాన్న చర్చి బళ్లో పాఠం చెప్పేవారు. హాస్టల్ నుంచి శనివారం ఇంటికి వెళ్లేటప్పుడు మేమంతా స్వీట్లో, గాజులో కొనుక్కుంటే తను ఒక ప్లాస్టిక్ క్యానులో నీళ్లు పట్టుకెళ్లేది. నవ్వేవాళ్లం. "మా ఊరి బావుల నీళ్లు చేపల చెరువుల వల్ల పాడైపోయాయి. మా అమ్మకు కాసిని మంచినీళ్లు," అనేది. తనూ నవ్వేది.

నేను ప్రెసిడెంటునయ్యాక మా ఇంటికి రావడం తగ్గించేసింది. ఎందుకే అంటే, "మీ ఇంట్లో కూర్చోడానికి చోటుంటే కదా," అంది. నాకు కోపం వచ్చింది. మొదటి గ్రామసభలో ఇంకా కోపం వచ్చింది. అందరూ నన్ను పొగుడుతుండగా వెనక నుంచి లేచి, చేతులు కట్టుకుని, అందరి ముందూ నన్ను మీరు అంటూ అడిగింది: "ప్రెసిడెంటుగారూ, మీ పిల్లలు ఏలూరు కాన్వెంటు వ్యానెక్కితే మా బడి బాగుపడేది ఎప్పుడండీ?" నవ్వులు వినపడ్డాయి. ఆ ఏడే పిల్లల్ని ఊరి బళ్లో చేర్చాను, పంతానికి. మరో సభలో, "ఫిల్టర్లలో ఇసుక మార్చి ఎన్నేళ్లయిందండీ?" అంది. నాకు తెలియదు. కార్యదర్శి వైపు చూశాను. ఆయన బాబాయిగారి వైపు చూశారు.

"మీ ఫ్రెండుకి మీరంటే అసూయండీ," అన్నారు వరండాలో ఒకరు, ఆ సాయంత్రం. నేను కాదనలేదు. అప్పటినుంచి బడి గేటు దగ్గర ఎదురుపడినా, పిల్లల చెయ్యి వదిలి వెనక్కి తిరిగేదాన్ని. ఒకసారి తన నుంచి ఫోనుకి మెసేజి వచ్చింది. తీర్మానాల పుస్తకం రాయకముందు సంతకం పెట్టకు. అంతే. చదివాను. జవాబివ్వలేదు.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. మా పంచాయతీలో మీటింగులు ఇలా జరుగుతాయి: అందరం కూర్చుంటాం, టీ వస్తుంది, బిస్కెట్లు వస్తాయి, ఊరి సంగతులు నడుస్తాయి. లేచే ముందు పుస్తకం తిరుగుతుంది. పేజీ పైన తేదీ ఉంటుంది, కింద మా పేర్లుంటాయి, మధ్యంతా ఖాళీ. సంతకాలు పెట్టేస్తాం. "తీరిగ్గా రాసుకుంటానండీ," అంటారు కార్యదర్శి. నాకన్నా ముందు ఉన్నవాళ్లూ అలాగే చేశారట. పక్క ఊళ్లలోనూ అంతేనట. చదువుకున్నదాన్ని, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని నాకు తెలియదా? తెలుసు. కానీ అడిగితే మనిషిని నమ్మనట్టు ఉంటుందని మొహమాటం. మా వైపు మర్యాద ఎక్కువ. ఆ మర్యాదలోనే పుస్తకం నా ముందుకు వచ్చేది, వెళ్లిపోయేది.

డిసెంబరులో మా అబ్బాయికి జ్వరం తగ్గక ఫిట్స్ లాగా వచ్చింది. మా ఆయన సరుకు కోసం తాడేపల్లిగూడెం వెళ్లారు. నేను వాణ్ని భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాను. పది నిమిషాల్లో బాబాయిగారి కారు వచ్చింది. ఆయనే స్వయంగా ముందు సీట్లో కూర్చున్నారు. కారు కదలబోతుంటే కార్యదర్శి పుస్తకం పట్టుకుని వచ్చారు. "ఒక్క నాలుగు పేజీలండీ. మీరు ఊళ్లో లేకపోతే పనులు ఆగిపోతాయి." కారు కిటికీలోంచి, పిల్లాడి తల ఒళ్లో పెట్టుకుని, నాలుగు సంతకాలు పెట్టాను. అక్షరాలు కూడా సరిగ్గా పడలేదు. సభ్యుల సంతకాలు అప్పటికే ఉన్నాయి.

ఏలూరు ఆసుపత్రిలో ఆ రోజంతా బాబాయిగారు బెంచీ మీద కూర్చున్నారు. భోజనానికి కూడా లేవలేదు. ఆ ఒక్క రోజు కోసం ఆయనకు జన్మంతా రుణపడ్డానని అనుకున్నాను. సాయంత్రం బడి అయ్యాక నా స్నేహితురాలు కూడా బస్సులో ఆసుపత్రికి వచ్చింది. నన్ను పలకరించకుండా ముందు మందుల చీటీ చదివింది. "సిరప్ ఎన్ని చెంచాలు పోశావ్? దేంతో కొలిచావ్?" అని నిలదీసింది. పిల్లాడి నుదురు తడిమి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చాక అందరికీ కారు సంగతే చెప్పాను. బస్సు సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నాకే గుర్తు రాలేదు.

వెదురు కర్రలు చూసిన పొద్దున, పిల్లల్ని బళ్లో దింపి తిన్నగా బాబాయిగారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

"రా అమ్మాయ్. కాఫీ తాగుతావా?"

"బాబాయిగారూ, మంచినీళ్ల చెరువులో కర్రలు పాతారండీ."

"ఆయ్. మా అల్లుడే." పేపరు మడిచారు. "మొన్న రాత్రి చేపపిల్ల వేశాడు. నాచు పట్టిపోతోందని కదమ్మా మీరంతా గోల? చేపలు ఆ నాచు తినేస్తాయి. నీళ్లు తేటబడతాయి. ఊరికి పనికొస్తుంది, వాడికీ పనికొస్తుంది."

"తవుడు వేస్తున్నారండీ. రేపు ఎరువు వేస్తారు, రోగమొస్తే మందు పోస్తారు. అవి పిల్లలు తాగే నీళ్లండీ."

"ఫిల్టర్లు ఉన్నాయి కదా."

"వాటిలో ఇసుక మార్చి..." అన్నాను. అది నా స్నేహితురాలి ప్రశ్న. నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. "అయినా పంచాయతీ ఒప్పుకోకుండా ఎలాగండీ?"

ఆయన నవ్వారు. వెటకారం కాదు, చిన్నపిల్లను చూసి నవ్వినట్టు. "ఒప్పుకోకపోవడమేంటమ్మా? నువ్వే తీర్మానం చేశావు."

పంచాయతీ ఆఫీసుకు వెళ్లి పుస్తకం తీయించాను. ఉంది. చెరువును మూడేళ్లపాటు చేపల పెంపకానికి ఇవ్వడానికి సభ ఏకగ్రీవంగా అంగీకరించినట్టు, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఉంది. కింద నా సంతకం. వంకరగా ఉంది. కారు కిటికీ అంచు గుర్తు కాగితం మీద ఇంకా గీతలా కనిపిస్తోంది. తరువాతి పేజీలో ఇంకేదో రోడ్డు తీర్మానం. ఆ తరువాత రెండు పేజీలు ఇంకా ఖాళీ. కింద నా సంతకాలు ఎదురుచూస్తున్నాయి.

బయటికొస్తే కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు. వాళ్లలో ఒక ముసలావిడ నన్ను చూసి గట్టిగా అంది: "ప్రెసిడెంటుగారూ, ఇంక మేం కూర వండక్కర్లేదంటండీ? కుళాయి తిప్పితే పులుసే వస్తుందంట!" అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. రాలేదు.

ఇంటికి వెళ్లేసరికి వరండా నిండా మనుషులు. ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఒక్కరు కూడా చెరువు గురించి అడగలేదు. "మీరేం కంగారు పడకండి, మేమున్నాం కదండీ," అన్నారు. "ఎవరేమన్నా మేం చూసుకుంటాం," అన్నారు. మీరు రోజూ ఏ నీళ్లు తాగుతారండీ అని అడగాలనుకున్నాను. అడగకుండా టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను. పాలు పొంగిపోయేదాకా స్టవ్ ముందే నిలబడ్డాను.

మధ్యాహ్నం మా ఆయనకు చెప్పాను. ఆయన కొట్టు తలుపు సగం వేసి విన్నారు.

"ఎదిరిస్తే కొట్టుకి రావడం మానేస్తారు," అన్నారు.

"మానేస్తారండీ."

"నీ మీద కూడా రాస్తారు పైకి. సంతకం నీదే కదా."

"నాదేనండీ."

పప్పు బస్తా మూతి ముడి విప్పి, మళ్లీ కట్టారు. "కాలువ కట్టేసేది ఎప్పుడు?" అన్నారు చివరికి. ఇంకో పదిహేను రోజులేనన్నాను. ఆ లోపల చేపలు తీసేసి, చెరువు కడిగి, మళ్లీ నింపుకోవాలి. ఆ గడువు దాటితే వేసవంతా ఊరు ఆ తవుడు నీళ్లే తాగాలి. ఆయన తలుపు పూర్తిగా తెరిచి బేరంలో పడ్డారు. వద్దని మాత్రం అనలేదు.

బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. నా స్నేహితురాలు పిల్లల్ని వరసలో పంపుతూ నన్ను చూసింది. పిల్లలంతా వెళ్లేదాకా నా వైపు రాలేదు. వచ్చాక నేను ఏడవడం మొదలుపెట్టాను.

"ఏడుపు తరువాత ఏడుద్దువుగాని. పుస్తకం ఎక్కడుంది?"

"ఆఫీసులో."

"ఎన్ని పేజీల మీద సంతకం పెట్టావ్?"

చెప్పాను. నేను పదేపదే చెప్పుకుంటూ వచ్చిన కారణాలన్నీ చెప్పాను, పిల్లాడి జ్వరం, కారు, మొహమాటం. అడ్డుపడకుండా విన్నది. విని, "నిన్ను మోసం చేశారు, నిజమే. కానీ నువ్వు కూడా చేశావు. రెండోది చెప్పకుండా మొదటిది చెబితే ఎవరూ నమ్మరు," అంది.

"నువ్వు నా వైపా, కాదా?" అన్నాను ఉక్రోషంగా.

"నాకు బస్సు టైమైపోతోందే," అంది. కానీ ఆ బస్సు వదిలేసింది.

గ్రామసభ పెట్టాలంటే ఊళ్లో చాటించాలి. చాటించే మనిషి తల గోక్కుంటూ, "మీ బాబాయిగారు ఆగమన్నారండీ," అన్నాడు. నీళ్లు వదిలే వేళలు చెప్పడానికి ఆఫీసులో ఒక మైకు ఉంది. మూడేళ్లలో నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ముట్టుకున్నాను. రేపు పొద్దున్న ఎనిమిదింటికి గ్రామసభ అని, మంచినీళ్ల చెరువు సంగతి అని, అందరూ రమ్మని చెప్పాను. చెప్పి పక్కకు తిరిగి, "ఒసే, గొంతు వణికిందా?" అన్నాను.

"వణికింది. ఇంకా ఆన్‌లోనే ఉంది, కట్టెయ్," అంది తను.

అదీ ఊరంతా విన్నది. ఆ మాట వల్లే మర్నాడు అంతమంది వచ్చారని మా ఆయన ఇప్పటికీ అంటారు.

సభలో ఎప్పుడూ ముందు వరసలో ఎర్ర కుర్చీల్లో కూర్చునే మా వరండా వాళ్లు ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డారు. ముందు కుర్చీల్లో కుళాయి దగ్గరి ఆడవాళ్లు కూర్చున్నారు. బాబాయిగారే మొదట మాట్లాడారు, మెత్తగా: "అమ్మాయి చిన్నది. ఎవరో ఎక్కించారు. సంతకం పెట్టి ఇప్పుడు కాదంటే పంచాయతీ పరువేం కాను?" కొందరు తలలూపారు. నేను లేచాను. ఆ తీర్మానం సభలో జరగలేదని, రాయకముందే సంతకం పెట్టానని చెప్పాను. అంతటితో ఆపుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మిగిలిన పేజీల సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చులే అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి నా స్నేహితురాలు లేచింది. చేతులు కట్టుకుంది. "ప్రెసిడెంటుగారూ, ఇంకా ఎన్ని ఖాళీ పేజీల మీద పెట్టారండీ?"

ఆ క్షణంలో దాన్ని చంపేయాలనిపించింది. నన్ను నిలబెడుతుందనుకున్నాను, బోనులో నిలబెట్టింది. సభంతా నా మొహం చూస్తోంది. "ఆ రోజు నాలుగు," అన్నాను. "రెండు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అంతకుముందు మీటింగుల్లో ఎన్ని పెట్టానో లెక్క లేదు."

గుసగుసలు రేగాయి. ముసలావిడ, "ఓరి దేవుడా, చదువుకున్న పిల్లవి కదమ్మా!" అంది, జాలిగా. తిట్టిన దానికన్నా అది ఎక్కువ తగిలింది. కానీ అది బయటపడ్డాక దాచడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. పుస్తకం తెప్పించి, ఆ ఖాళీ పేజీలు రెండూ పైకెత్తి చూపించి, అవి చెల్లవని వాటి మీదే అందరి ఎదుట రాశాను. "రికార్డు మీద అలా రాయకూడదండీ," అన్నారు కార్యదర్శి. "ఖాళీగా ఉంచొచ్చాండీ?" అన్నారు ఎవరో. తరువాతి పేజీలో, చెరువు చేపలకు ఇచ్చిన తీర్మానం రద్దని, వారంలోగా చేపలు తీసి చెరువు ఖాళీ చేయాలని, నేనే నా చేత్తో రాశాను. రాసి, గట్టిగా చదివి, అప్పుడు సంతకం పెట్టాను. సభ్యులు పదిమందిలో ఆరుగురు పెట్టారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఎన్నికల్లో నాకు వ్యతిరేకంగా తిరిగినవాళ్లు. పెట్టని నలుగురూ మా వరండాలో రోజూ టీ తాగినవాళ్లు.

అందరూ వెళ్లిపోతుంటే బాబాయిగారు నా దగ్గర ఆగారు. ఏదో అంటారనుకున్నాను. "పిల్లాడికి మళ్లీ జ్వరం రాలేదు కదా?" అన్నారు. లేదండీ అన్నాను. తల పంకించి వెళ్లిపోయారు. ఆ తరువాత మా గడప తొక్కలేదు.

ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. ఆయన చెడ్డవాడైతే సులువుగా ఉండేది. ఆ బెంచీ మీద కూర్చున్న రోజు ఆయన నటించలేదు. పిల్లాడంటే ఆయనకు నిజంగానే ఇష్టం. మరి ఆ పుస్తకం కారు దగ్గరికి పంపింది ఆయనా, కాదా? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆలోచించగా నాకు తేలింది ఒకటే. మూడేళ్లలో ఆయన నాతో ఒక్కసారి కూడా వద్దు అనలేదు. వరండాలో ఎవరూ అనలేదు. వాళ్లకు కావాల్సినది నేను చేస్తున్నంతకాలం నేను ఎలాంటిదాన్నయినా వాళ్లకు ఫరవాలేదు. నేను తప్పు చేస్తే బాధపడింది నా స్నేహితురాలు ఒక్కతే. ఆ బాధను అందరి ముందూ, మర్యాద లేకుండా, వెనక వరసలోంచి ప్రశ్నగా అడిగింది. దాన్ని నేను అసూయ అనుకున్నాను.

అలాగని ఇప్పుడు అంతా తెలిసిపోయిందని చెప్పను. మళ్లీ వరండా నిండితే మళ్లీ పొంగిపోతానేమోనని భయం. ఏలూరు జిల్లా ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. నా పదవి ఉంటుందో ఊడుతుందో తెలియదు. కొట్లో బేరాలు సగమయ్యాయి. చెరువు మాత్రం నిండుగా ఉంది. చేపలు తీయించి, కడిగి, కాలువ కట్టేసే రెండు రోజుల ముందు నింపుకోగలిగాం. కొత్త ఇసుక ఇంకా రాలేదు. పిల్లలు పడుకున్నాక ఇదంతా రాస్తూ మధ్యలో లేచి, కాచిన నీళ్లు చల్లారాయో లేదో చూసి వస్తున్నాను. ఇప్పుడు ప్రతి రాత్రీ అదొక పని.

సభ జరిగిన మర్నాటి పొద్దున సంగతి రాసి ఆపుతాను. ఆరైంది, ఆరున్నరైంది. వరండాలో కుర్చీలు ఎవరూ లేక వరసగా ఉన్నాయి. మా ఆయన వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకు జరిపారు. నాలుగు గ్లాసులే కడిగాను. అబ్బాయి వచ్చి వీధిలోకి తొంగి చూశాడు. వాడికి బాబాయిగారు రోజూ జీళ్లు తెచ్చేవారు.

"తాతయ్య రాలేదా?"

"రాలేదు నాన్నా. కొన్నాళ్లు రారు."

"కోపమా?"

"నా మీద కోపం. నీ మీద కాదు. నువ్వు కనబడితే నమస్కారం పెట్టు."

అమ్మాయి జడ వేయించుకుంటూ అద్దంలోంచి నన్నే చూస్తోంది. నిన్న వాళ్ల క్లాసులో పిల్లలు ఏదో అన్నారట. సభలో అమ్మ తలదించుకుందని, తప్పు చేసిందని. "అబద్ధమని చెప్పనా?" అంది.

రిబ్బను ముడి వేశాను. విప్పి మళ్లీ వేశాను. ఇద్దరినీ నా వైపు తిప్పుకుని చెప్పాను: "అబద్ధం కాదు. మీ అమ్మ చదవకుండా సంతకాలు పెట్టింది. ఎవరైనా అడిగితే అవునని చెప్పండి. ఇప్పుడు రాసి, చదివి పెడుతోందని కూడా చెప్పండి. బళ్లో టీచరత్త మిమ్మల్ని గట్టిగా అరిచినా ఏడవకండి. సాయంత్రం బస్సు వచ్చేదాకా అత్త మనింట్లోనే ఉంటుంది, మూల నుంచి కుర్చీ ఒకటి తీసి ఉంచండి. ఇవాళ్టికి కుళాయి నీళ్లు తాగొద్దు. బాటిల్లో కాచిన నీళ్లు పోశాను, మూత గట్టిగా పెట్టుకోండి."